మూత తీయునపుడు మొహము పక్కకు తిప్పుకొనవలెను

పోయిన వారం తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళి భోజనానికి వెళ్ళాను. ఈమధ్య కూర్చోబెట్టి వడ్డించడం పోయి, పళ్ళెం పట్టుకుని మనమే తిరగడం వచ్చింది కదా. అలా తిరుగుతుంటే ఒక మూల నల్లటి ఇనప పీపా ఒకటి పెట్టుకుని, తెల్ల టోపీతో ఒక వంటాయన నిలబడి ఉన్నాడు. "పొగబెట్టిన చికెనండి. కొత్త ఐటమండి, రండి" అంటూ మూత పైకెత్తాడు. నేను టక్కున మొహం పక్కకి తిప్పేశాను.

నా పక్కన పళ్ళెం పట్టుకున్న పెద్దమనిషి కంగారుపడ్డాడు. "ఏవండీ, కోడి వాసన పడదా అండీ మీకు?"

కోడి నాకు బ్రహ్మాండంగా పడుతుంది. మెడ అలా తిరగడానికి కారణం మా బావ. మా చెల్లెలి మొగుడు. పోయి ఇంకా ఏడాది కాలేదు. మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలని ఒక రూలు పెట్టి, దాన్ని స్టీలు మూత మీద చెక్కించి, నా చేత వల్లె వేయించి మరీ పోయాడు. మనిషి లేకపోయినా నా మెడ ఇంకా ఆయన ఆర్డర్లలోనే ఉంది. ఆ పళ్ళెంలో ఏం వేసుకున్నానో, ఏం తిన్నానో నాకు గుర్తు లేదు. ఇంటికొచ్చేదాకా బావే కళ్ళముందు తిరిగాడు.

మా బావ ఏలూరులో ఒక సర్కారాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అంతకుమించి జీవిత చరిత్ర చెప్పను. ఆయనలో చెప్పుకోదగ్గదంతా ఆఫీసు బయటే జరిగింది. సన్నటి మనిషి, మెత్తటి మాట, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట దర్జీ టేపు. వీధిలో ఎవరైనా ఏదైనా పారేస్తుంటే కాళ్ళు ఆగిపోయేవి. వేలి మడతతో దాన్ని టకటకమని కొట్టి, చెవి ఒగ్గి విని, "రిటైరైందండీ, అంతే. సర్వీసు ఇంకా ఉంది" అనేవాడు. అలా సర్వీసు మిగిలినవాటితో ఇల్లు నిండిపోయింది. కాళ్ళు లేని కుర్చీలూ, కుర్చీలు లేని కాళ్ళూ, హ్యాండిల్ ఒక్కటే మిగిలిన సైకిలూ. మా చెల్లెలు వాటి మధ్య దారి చేసుకుని వంటింట్లోకి వెళ్ళేది.

మరి చేతిలో పనితనం ఉందా అంటే, గోడకి మేకు కొట్టమంటే గోడ పోయేది, మేకు మిగిలేది. కొలిచింది గుర్తుండదు. "మళ్ళీ కొలవాలండీ" అన్నది ఆయన ఊతపదం. అయినా ఎవరింట్లో శుభకార్యమైనా బజారులో వస్తువు కొని ఇవ్వడం మాత్రం చచ్చినా చేసేవాడు కాదు. "కొనిచ్చేది సామానండీ బావగారూ. చేసిచ్చేదే కానుక" అనేవాడు. చుట్టాలందరూ శుభలేఖ ఇచ్చేటప్పుడు "మీరొస్తే చాలండీ, ఏమీ తేవద్దండీ" అని బతిమాలడం నేను చెవులారా విన్నాను. మొహమాటానికి అంటున్నారనుకునేవాడు పాపం.

నేను తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమిషన్ వ్యాపారం చేస్తాను. నా గృహప్రవేశానికి ఆయన తెచ్చిన కానుక ఉల్లిపాయలు కోసే పెట్టె. అందులో ఒక బుల్లి ఫ్యాను ఉంటుంది. కోసేటప్పుడు ఘాటు కళ్ళకి తగలకుండా అవతలికి ఊదేస్తుంది. ఊదింది, నిజమే. ఘాటుతో పాటు పొట్టునీ, ముక్కల్నీ ఊదింది. సత్యనారాయణ వ్రతానికి పీట మీద కూర్చున్న మా ఆవిడ జడలో సాయంత్రం దాకా ఉల్లిపొట్టు ఏరుకుంటూనే ఉన్నాం. ఆ పెట్టె మీద ఒక రేకు బిగించి, దాని మీద చక్కగా చెక్కించి ఉంది. "మొదట ఫ్యాను, తరువాత కత్తి."

ఈ చెక్కించడం గురించి చెప్పాలి. మన వైపు స్టీలు సామాను కానుకిస్తే దాని మీద పేరు కొట్టించడం ఆచారం. ఫలానా వారి పెళ్ళికి ఫలానా వారు అని. కొట్లో ఒకాయన బుర్రుమనే మిషను పెన్ను పట్టుకుని కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కుతూ ఉంటాడు. మా బావ ఏనాడూ తన పేరు కొట్టించలేదు. "పేరెందుకండీ? వస్తువు చూస్తే నేను గుర్తు రానా? వాడే విధానం కొట్టండి" అనేవాడు. వాడే విధానం అంతా ఆఫీసు భాషలో ఉండేది, వలెను, రాదు, పిదప అంటూ. ఏలూరు బజారులో ఆ చెక్కేవాడికి మా బావ కనబడితే గుండె జారిపోయేది. ఒకసారి నా ముందే దణ్ణం పెట్టేశాడు. "అయ్యగారూ, ఇది గిన్నండీ. జీవో కాదండీ!"

ఇక అసలు సంగతి. మా బావకి ఒక అక్క ఉన్నారు. వరసకి నాకు వదినగారు. కొల్లేటికోటలో కొడుకూ కోడలి దగ్గర ఉంటారు. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే మా బావని పెంచింది ఆవిడే. ఆవిడ ముక్కు కొల్లేటి ఊళ్ళలో పేరుమోసిన ముక్కు. వీధిన నడిచి వెళ్తూ ఎవరింట్లో పులుసుకి ఉప్పు తక్కువైందో చెప్పేవారు. చెప్పి ఊరుకోకుండా లోపలికి వెళ్ళి వేసి వచ్చేవారు. కోడలు చేపల కూర పొయ్యి మీద పెట్టి పెరట్లోకి వెళ్తే, అరుగు మీంచి "అడుగంటుతోందే!" అని కేక వినబడేది. అప్పటికింకా అంటేది కాదు, అంటబోయేది.

అలాంటి మనిషికి ఒక వానాకాలం పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. వాసన లేదు, దాంతో రుచీ లేదు. నెమ్మదిగా రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు ఏలూరు డాక్టరు. అది రాలేదు గానీ వదినగారు నెమ్మదిగా తిండి మానేశారు. కోడలు పొగలు కక్కే అన్నం ముందు పెడితే ఓ ముద్ద కతికి, "ఇసక నమిలినట్టుందే" అని పళ్ళెంలో చెయ్యి కడిగేసుకునేవారు. చూస్తుండగా జాకెట్టు వదులైపోయింది. చెంపలు లోపలికి పోయాయి.

బావ వారం వారం కొల్లేటికోట వెళ్ళేవాడు. వెళ్ళినప్పుడల్లా జేబులోంచి టేపు తీసి, "వాచీ తెస్తానక్కా, కొలతివ్వు" అని మణికట్టు కొలిచేవాడు.

"నాకు వాచీ ఎందుకురా? పొద్దు కనబడట్లేదా?" అనేవారావిడ.

వాచీ ఎప్పుడూ తేలేదు. టేపు మీద బాల్‌పెన్నుతో గీత మాత్రం పెట్టుకునేవాడు. ఒకనాడు నా కొట్లో బస్తాల మధ్య కూర్చుని ఆ టేపు విప్పి చూపించాడు. గీత పక్కన గీత, గీత పక్కన గీత, అన్నీ వెనక్కి నడుస్తున్నాయి. కొలిచింది గుర్తుండని మనిషి ఇవన్నీ గుర్తు పెట్టుకున్నాడు.

"బావగారూ, మా అక్క తినడం మానేస్తే నాకు పుట్టిల్లుండదండీ" అన్నాడు.

"మగాడికి పుట్టిల్లేంటండీ, విడ్డూరం కాకపోతే" అన్నాను నవ్వించడానికి. నవ్వలేదు. దేనికైనా నవ్వే మనిషి. అప్పుడు నాకు భయం వేసింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఫోను చేశాడు. గొంతులో మళ్ళీ ఉత్సాహం. చిన్నప్పుడు ముసురు పట్టి ఎండ మొహం చూపించకపోతే, వాళ్ళమ్మ కొరమేను ముక్కలకి ఉప్పూ పసుపూ రాసి పొయ్యి పైన తీగకి వేలాడదీసేదట. కింద కొబ్బరి పీచు రాజేసేదట. ఆ పొగకి ముక్కలు ఎర్రగా బిగుసుకుంటుంటే అక్కా తమ్ముడూ చాప మీంచి లేచొచ్చి పొయ్యి దగ్గర కూర్చునేవారట. ఇప్పుడు కొల్లేటికోటలో అందరివీ గ్యాసు పొయ్యిలే. ఆ పొగ ఎక్కడిది?

"ఆ పొగ తగిలిందంటే అక్క ముక్కు లేచి కూర్చుంటుందండీ" అన్నాడు.

"దానికేముందండీ, పెరట్లో నాలుగు కట్టెలు పేర్చి వెలిగించండి" అన్నాను.

"అబ్బే, అలాగెలాగండీ. అక్కకి కానుకండీ. చేసివ్వాలండీ. చిన్న బొగ్గుల పొగడబ్బా. అక్క మంచం పక్కన పెట్టుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెలిగించుకునేలాగ."

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా బావ విషయంలో అది తప్పు. ఆ రోజే ఏలూరు ఇంట్లో పొగ మొదలైంది, మా చెల్లెలి తలలోంచి. డబ్బాకి కావలసిన ఒళ్ళు ఊరంతా వెతికినా దొరకలేదు. చివరికి తన వంటింట్లోనే దొరికింది. పెళ్ళిలో మా అమ్మ మా చెల్లెలికిచ్చిన స్టీలు బియ్యం డబ్బా. నడుమెత్తు, గట్టి మూత, మూత మీద మా అమ్మ పేరు. బావ దాన్ని టకటకమని కొట్టి విన్నాడట. అది రిటైరవలేదు, నిక్షేపంలా డ్యూటీలో ఉంది. అయినా డిప్యుటేషన్ మీద పంపించేశాడు.

పొద్దున్నే మా చెల్లెలి ఫోను. "అన్నయ్యా, బియ్యం గోనెసంచిలో ఉన్నాయి. డబ్బాకి కింద తలుపు పెట్టారు. నా కొంప కొల్లేరు చేశారు!"

"ఆ తలుపు గాలికి" అని వెనకనుంచి బావ గొంతు వినబడింది.

డబ్బా అడుగున చిన్న ఇనప కుంపటి పెట్టాడు. వీధి చివర ఇస్త్రీ బండాయన్ని బతిమాలి బొగ్గులు తెచ్చాడు. మూతకి కన్నం చేసి, అడుగు కోసేసిన స్టీలు గ్లాసు గొట్టంలా దిగ్గొట్టాడు. ఇక చేప ముక్కలు పరవడానికి చిల్లుల పళ్ళెం కావాలి. పాత టేబుల్ ఫ్యాను జాలీ సర్వీసు ఇంకా ఉంది కదా, అది పెట్టాడు. దానికి ఆకుపచ్చ రంగు ఉందన్న సంగతి చేప చెప్పాకే తెలిసింది. "చేప కాదన్నయ్యా, ఫ్యాను వండారు" అంది మా చెల్లెలు. మర్నాడు ఇడ్లీ రేకులు మాయమయ్యాయి. చిల్లులున్నాయి కదా అని వాటి గుంటల్లో చేప ముక్కలు పెట్టాడు. ముక్కలు ఇడ్లీల్లా ఉబ్బి, అడుగు మాడి, పైన పచ్చిగా లేచాయి. ఇక ఆదివారాలు ఇడ్లీ లేదు. వడియాల జల్లెడ మా చెల్లెలు ముందే పక్కింట్లో దాచేసింది.

సంగతేంటో చూద్దామని నేను ఏలూరు వెళ్ళాను. డాబా మీద పక్కవాళ్ళు ఆరేసుకున్న బట్టలు ముక్కు మూసుకున్నట్టు దండెం ఆ చివరికి జరిగి ఉన్నాయి. మా బావ పొగడబ్బా ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమ కనుబొమ సగం లేదు.

"ఏమైందండీ?"

"మూత తీసి తొంగి చూశానండీ."

"ఎందుకండీ?"

"పొగ ఉందో లేదోనని."

ఉందట. ఆ మధ్యాహ్నమే మూత పట్టుకుని బజారుకెళ్ళి, మా అమ్మ పేరు కింద మొదటి రూలు కొట్టించుకొచ్చాడు. మూత తీయునపుడు మొహము పక్కకు తిప్పుకొనవలెను. ఆ తర్వాత నేనున్నంతసేపూ మూత తీసినప్పుడల్లా ఇద్దరం దిష్టి తీయించుకునేవాళ్ళలా మొహాలు పక్కకి పెట్టుకుని నిలబడ్డాం. నేను మరిచిపోతే "బావగారూ, రూలండీ" అని గుర్తుచేసేవాడు. లోపల వేడెంతుందో తెలియడానికి జ్వరం చూసే మిషను తాడు కట్టి వేలాడదీశాడు. అది అంకె చూపించడం మానేసి అడ్డగీతలు చూపించింది. "చేపకి జ్వరం బాగా ఉందండీ" అన్నాడు గంభీరంగా.

చివరికి కొబ్బరాకు ఈనెలు అడ్డం నిలువు అల్లి, దాని మీద ముక్కలు పరిచాడు. అల్లింది మా చెల్లెలు. తన సామాను కాపాడుకోవడానికి అల్లిందే గానీ ప్రేమతో కాదు. ఈనెల మీద చేప కుదిరింది. ఎర్రగా, బిగువుగా, కొబ్బరి పీచు కమ్మదనంతో. మా చెల్లెలు ఎవర్నీ నోటితో మెచ్చుకోదు, రెండో ముక్క తీసుకుంటుంది. తీసుకుంది. బావ నావైపు చూసి, ఉన్న ఒకటిన్నర కనుబొమలూ ఎగరేశాడు.

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఆ డబ్బాని బస్సులో కొల్లేటి వైపు తీసుకెళ్ళాం. డబ్బా కిటికీ పక్క సీట్లో కూర్చుంది, మేం నిలబడ్డాం.

"బియ్యమాండీ?" అన్నాడు కండక్టరు.

"కాదండీ. పొగండీ" అన్నాడు మా బావ. ఆ కండక్టరు మళ్ళీ మా వైపు రాలేదు.

బస్సు దిగి ఆటోలో చేపల చెరువుల గట్ల మీదుగా కొల్లేటికోట చేరేసరికి పొద్దు వాలుతోంది. వదినగారు వీధరుగు మీద నులకమంచంలో, ఇంటికి వీపు పెట్టి, వీధి వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. మంచంలో మనిషి ఉన్నట్టే లేదు. ఆవిణ్ణి అలా చూడగానే నేను చూపు డబ్బా మీదికి తిప్పుకున్నాను. బావ మాత్రం మూత పట్టుకుని ఆవిడ ముందు నిలబడి, కొత్తగా కొట్టించిన రూళ్ళన్నీ పైకి చదివాడు.

"బొగ్గులు ఎర్రబడిన పిదప మాత్రమే చేప పెట్టవలెను. మూత తీయునపుడు మొహము పక్కకు తిప్పుకొనవలెను. అన్యవస్తువులు వేయరాదు. కోడలమ్మాయ్, విన్నావా అమ్మా?"

"ఆయ్, విన్నానండీ మావయ్యగారూ" అంది కోడలు గుమ్మంలోంచి.

వదినగారు తల ఎత్తలేదు. "నాకెందుకురా ఈ హంగామా? చేపైనా ఒకటే, చెప్పైనా ఒకటే నాకిప్పుడు. ఊరికే నీ చేతులు కాల్చుకోకు."

"ఒక్క పూటక్కా. ఈ ఒక్క పూటా చూడు" అన్నాడు బావ.

ఆవిడ వెనక, లోపలి వాకిట్లో ఓ పక్కగా డబ్బా నిలబెట్టి, బొగ్గులు రాజేసి, పీచు వేసి, కొరమేను ముక్కలు పరిచి మూత పెట్టాడు. గ్లాసు గొట్టంలోంచి పొగ సన్నగా లేచింది. వదినగారు కదల్లేదు. కాసేపటికి బావకి కూర్చోబుద్ధి కాలేదు. వాసన ఎంత దూరం వెళ్తోందో చూద్దాం రమ్మని నన్ను చెరువు గట్టు మీదికి లాక్కెళ్ళాడు.

"ఇక్కడికి వస్తోందాండీ బావగారూ?"

"వస్తోందండీ."

ఇంకో నాలుగడుగులు. "ఇక్కడికండీ?"

"వస్తోంది మహాప్రభో."

"మరి ఇంత దూరం వస్తుంటే, అరుగు మీదున్న అక్కకి..." అని ఆగిపోయాడు. చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే గాలిలో వాసన మారింది.

కొల్లేటి ఊళ్ళలో సందె పడితే దోమలు మనిషిని ఎత్తుకుపోతాయి. అందుకని ఆ వేళకి ఎక్కడ నిప్పు కనబడినా దాని మీద గుప్పెడు ఎండు వేపాకు వేయడం అక్కడి ఆడవాళ్ళ చేతులకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ నిప్పు ఎవరిదో, ఎందుకు వెలిగించారో అడగరు. కోడలు రోజూలాగే చాటలో వేపాకుతో బయటికొచ్చింది. వాకిట్లో బొగ్గులు కణకణలాడుతూ కనబడ్డాయి. కింద గాలికని పెట్టిన తలుపు తీసే ఉంది. వేసేసింది. అన్యవస్తువు సంగతి ఆ పిల్లకి తట్టనే లేదు. వేపాకు అన్యమని ఆ ఊళ్ళో ఎవరనుకుంటారు?

బావ గట్టు మీద పరుగు తీశాడు. పంచె ఎగ్గట్టి అంత వేగంగా పరుగెత్తగలడని నాకు అదివరకు తెలియదు. నేను రొప్పుతూ వెళ్ళేసరికి వాకిలంతా నల్లటి పొగ. ఆయన మూత తీసి, మొహం తిప్పుకోకుండా లోపలికి చూస్తూ, ఖళ్ళుఖళ్ళున దగ్గుతున్నాడు. కోడలు ఖాళీ చాట గుండెలకి హత్తుకుని నిలబడిపోయింది.

ఎవర్నీ ఏనాడూ కసురుకోని మనిషి. ఆ పూట కూడా చేతకాలేదు. "చదివాను కదమ్మా..." అన్నాడు. "నీ ముందే చదివాను కదమ్మా..." 

అరుగు మీంచి కేక వినబడింది.

"ఏంట్రా ఆ కంపు? చేప మీద వేపాకు వేస్తారా ఎవరైనా? మతుండే చేస్తున్నారా?"

ముగ్గురం బిగుసుకుపోయాం. వేపాకు మాట మాలో ఎవరూ పైకి అనలేదు. ఆవిడ వీపు ఇటే ఉంది.

"ఏం... ఏం కంపక్కా?" అన్నాడు బావ.

"వేపాకు కంపురా! నీకు ముక్కు పనిచెయ్యట్లేదా?"

అని, తన మాట తనకే వినబడినట్టుంది, వదినగారు ఆగిపోయారు. మంచం కోడు పట్టుకుని లేచారు. గోడ పట్టుకుని మెల్లగా వాకిట్లోకి వచ్చి, డబ్బాకి కాస్త ఎడంగా నిలబడి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చారు. మళ్ళీ పీల్చారు.

"అడుగున కొబ్బరి పీచుంది" అన్నారు నెమ్మదిగా. "పసుపు ఎక్కువేశావు. అమ్మ ఇంత వేసేది కాదు."

కోడలు చాట వదిలేసి ఆవిణ్ణి వాటేసుకుంది. బావ ఉన్నచోటే నేల మీద కూలబడి, మూత ఒళ్ళో పెట్టుకుని, పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ నావైపు చూసి "పొగండీ" అన్నాడు. నేను ఉల్లిపాయల వ్యాపారిని. ఘాటుకి వచ్చే నీళ్ళేవో, వాటంతటవి వచ్చే నీళ్ళేవో నాకు తేడా తెలుసు.

ఆ చేప తిన్నాం. దాని ముందు కాకరకాయ బెల్లం ముక్క. వదినగారు ప్రతి ముద్దకీ తిట్టారు. "చేదురా. విషంరా. ఇది మనుషులు తినేదేనా?" అంటూ పళ్ళెం ఖాళీ చేసి, "ఇంకో ముక్క వెయ్యవే" అన్నారు కోడలితో. బావ తినడం మానేసి ఆవిడ చెయ్యి పళ్ళెంలోంచి నోటికి వెళ్ళడం చూస్తూ కూర్చున్నాడు. నాకు జన్మలో అంత చేదు భోజనం దొరకలేదు. అంత తృప్తిగా ఏ పెళ్ళిలోనూ తినలేదు.

ఆ వాసన రావలసిన టైముకి దానంతట అదే వచ్చిందన్నాడు డాక్టరు. మా బావ చచ్చినా ఒప్పుకోలేదు. నెల తిరిగేసరికి ఏలూరంతటా చెప్పే కథ మారిపోయింది. వేపాకు వేయించాలని తనకి ముందునుంచీ ఆలోచన ఉందట. కమ్మటి పొగ ముక్కుని బుజ్జగిస్తుంది, చేదు పొగ లేపి కూర్చోబెడుతుందట. "రెండూ కావాలండీ. ఆఫీసులో కూడా అంతేనండీ" అనేవాడు. పక్కనుంచి మా చెల్లెలు "పరుగెత్తింది ఎందుకో మరి" అనేది. వినబడనట్టు టేపు తీసి చూపించేవాడు. గీతలు ముందుకి నడవడం మొదలుపెట్టాయి.

అంతటితో ఊరుకుంటే మా బావ కాదు. మూత మళ్ళీ ఏలూరు తెచ్చి బజారుకి పట్టుకెళ్ళాడు. చెక్కేవాడు కొట్టు కట్టేసి పారిపోబోయాడు గానీ దొరికిపోయాడు. ఇంతా చేసి 'వేపాకు వేయరాదు' అని కొట్టిస్తాడని నేననుకున్నాను. మూత అంచున ఖాళీ ఉన్న చివరి జానెడు చోట్లో ఇలా ఉంది. "వేపాకు విషయమున అక్కగారిదే తుది నిర్ణయము."

ఆ తర్వాత ఆయన ఎన్నో కానుకలు చేశాడు, ఎందర్నో ఏడిపించాడు. మొన్న వానలు పడకముందు, డాబా మీద ఏదో కొలుస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్ళిపోయాడు. మా చెల్లెలు టీ తీసుకెళ్ళేసరికి టేపు ఒక కొస చేతిలో ఉందట.

వదినగారు ఏలూరు వచ్చారు. పెద్దకర్మ అయ్యేదాకా ఉన్నారు. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. అందరూ ఏడుస్తుంటే ఆవిడ గుమ్మంలో కూర్చుని "ఆ పప్పు అడుగంటబోతోంది, చూడండర్రా" అని వంటవాళ్ళని కేకేశారు. పెంచిన చేతులకి ఇంత రాతిగుండా అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. నాకూ కొంచెం కష్టంగానే తోచింది.

కార్యక్రమాలయ్యాక నేనే ఆవిణ్ణి కొల్లేటికోటలో దింపడానికి వెళ్ళాను. బయల్దేరేటప్పుడు మా చెల్లెలు గీతల టేపు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. దారి పొడుగునా దాన్ని చుట్టడం, విప్పడం, చుట్టడం. ఇంటికి చేరేసరికి సందె పడుతోంది.

"ఆ డబ్బా ఇలా బయట పెట్టి వెలిగించవే" అన్నారు కోడలితో.

"చేపలేవీ తేలేదు కదండీ వదినగారూ" అన్నాను.

"చేపెందుకయ్యా ఇప్పుడు."

కోడలు బొగ్గులు రాజేసి పీచు వేసింది. దోమలు ముసురుకుంటున్నాయి. చాటలో వేపాకు పట్టుకుని, ఎన్నడూ అడగని పిల్ల, ఆ పూట అడిగింది. "వెయ్యమంటారా అత్తయ్యా?"

వదినగారు మూత ఒళ్ళో పెట్టుకుని, చివరి అంచున చెక్కిన అక్షరాలని వేలితో మెల్లగా తడిమారు. అక్కగారిదే తుది నిర్ణయము.

"వెయ్యి" అన్నారు.

మూత పెట్టి, పొగ నిండేదాకా ఆగి, లేచి నిలబడి మూత తీశారు. నా మెడ దానంతట అది పక్కకి తిరిగిపోయింది. తిరిగిన మొహంతోనే ఓరగా చూస్తే, ఆవిడ తిప్పుకోలేదు. ఆ నల్లటి పొగలోకి సూటిగా వంగి నిలబడ్డారు.

"వదినగారూ, మొహం పక్కకి తిప్పుకోవాలండీ. రూలండీ" అన్నాను.

"తెలుసులేవయ్యా. నాకూ చదువొచ్చు" అన్నారు. అప్పటికే నీళ్ళు చెంపల మీంచి కారి, గడ్డం మీంచి మూత మీద, మా బావ రూళ్ళ మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. "పొగయ్యా" అన్నారు.

డబ్బాకి అటువైపు వెళ్ళి నిలబడి, మొహం తిప్పుకోకుండా నేనూ వంగాను.